బూడిద కుండల బొబ్బర్లు

ఆ రోజుల్ల మైకు దొరికితే చాలు, నాకు పూనకమొచ్చేది. వరంగల్ల డిగ్రీ చదివేటప్పుడు, పంటల సాగు మనిషిని ఎట్ల మార్చిందో చెప్పాలని పోటీ పెట్టిన్రు. "ఆకలైనా గింజను తినకుండా దాచి, మళ్లీ భూమిలో నాటిననాడే మనిషి మనిషయ్యాడు! ఊళ్లు, పండుగలు, పాటలు అన్నీ ఆ గింజలోంచే మొలిచాయి!" అని బల్ల గుద్ది చెప్పిన. ఫస్ట్ ప్రైజ్ నాదే. (ఒక్కనాడన్న గడ్డిపోచ పీకిన చెయ్యి కాదిదని జడ్జీలకేం తెల్సు?)

కప్పు పట్టుకొని బస్సెక్కి, స్టేషన్ ఘన్‌పూర్ దిక్కున్న మా ఊరికొచ్చేసరికి అమ్మ చెల్కల పనికి పోయింది. వచ్చేసరికి ఏమన్న వండిపెడ్దామని ఎన్నడులేని ప్రేమ పుట్టింది. ఇల్లంత దేవులాడితే అటుక మీద మూతికి గుడ్డ కట్టిన కుండ దొరికింది. లోపల బొబ్బర్లు, వాటినిండ బూడిద, ఎండిన యాపాకు. మా అమ్మకు శుభ్రం ఎప్పుడొస్తదోనని గునుసుకుంట మూడు నీళ్లతోని కడిగి, ఉడకబెట్టి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి ఏసి గుడాలు చేసిన. పక్కింటి చిన్నమ్మ రెండుసార్లు పెట్టించుకొని, "కమ్మగున్నయే పోరీ" అంటె ఇంకింత ఉబ్బిన.

అమ్మ వచ్చి గిన్నె దిక్కు చూసింది. "ఏ కుండలయి బిడ్డా?"

"అటుక మీదియే."

అమ్మ గోడకు ఒరిగి కూలబడ్డది. అవి ఇత్తనాలు, పురుగు పట్టకుండ బూడిదల కలిపి దాసినయి. తొలి వాన పడంగనే పెట్టేటియి. అమ్మ పెండ్లినాడు అమ్మమ్మ ఆమె కొంగుల ముడేసి పంపిన ఎర్రమచ్చల బొబ్బర్లు. ఏటేటా ఏసుడు, ఏటేటా దాసుడు. ఊర్ల ఇంకెవ్వరితాన లెవ్వు.

"దానికేందక్కా, దుకాణంల దొర్కవా?" అన్నది చిన్నమ్మ.

"దొర్కుతయి. గవి మా అమ్మయి కావు గద."

నన్ను తిట్టలె. తిట్టినా బాగుండు. పిడికెడు నోట్ల ఏసుకొని, "ఉప్పు తక్కువైంది" అని లేచిపోయింది.

తెల్లారి కుండ బోర్లిచ్చి దులిపితే నాలుగు గింజలు రాలినయి, అవి సుత పురుగు తొలిచినయే. పెరట్ల పెట్టి ఉన్న దేవుండ్లందరికీ మొక్కిన. తొమ్మిదోనాడు మొలక! వాడంత వినపడేటట్టు ఒర్రిన. అమ్మ వచ్చి వంగి చూసింది, పక్కన ఒక పుల్ల పాతింది. కాలేజీ ఎగ్గొట్టి పదిహేను రోజులు కావలి కూసున్న. పేడ ఎరువేసిన, మేకలను కొట్టిన. ఆఖరికి చిన్నమ్మ చూసి పక్కున నవ్వింది. "అయ్యో పోరీ! గది బొబ్బరి కాదే, పిచ్చిచెట్టు! మీ అమ్మకెర్కలేదా?"

ఎందుకెర్కలేదు! అమ్మ మొలకప్పుడే పోల్చుకున్నది. "మరెందుకు చెప్పలె?" అని ఏడ్చుకుంట అడిగిన.

"పొద్దుగాల్నే లేసి నీళ్లు పోస్తాంటివి గద బిడ్డా" అన్నది.

అమ్మ పోయి ఏండ్లయింది. మరిపెడ దాక తిరిగి అడిగిన, ఆ బొబ్బర్లు మళ్ల ఎక్కడ దొరకలె. చెంబు పట్టుకొని పిచ్చిచెట్టు చుట్టు తిరిగిన ఆ పోరి యాదికొస్తె మాత్రం, ఇప్పటికీ నవ్వొస్తది.