గోరువంక చచ్చిపోయిన రోజు నేను ఇంట్లో లేను

మా చిన్నప్పుడు... నర్సీపట్నంలో మా ఇంటి ముందుగదిలో ఒకే కంప్యూటర్, దాని ముందు ఒకే కుర్చీ. ఆ కుర్చీలో ఇద్దరం. సగం అక్క, సగం నేను. మౌసు అక్క చేతిలో, డాలు అడ్డుపెట్టే మీట నా వేలి కింద. నాన్న టీచరు. అక్క చదువుకి పనికొస్తుందని కొన్నారు పాపం...

మేం ఆడేది ఆన్‌లైన్ ఆట. కోటలు, మంత్రాలు, ఎగిరే గుర్రాలు... ఎక్కడెక్కడి మనుషులో అందులో కలిసేవారు. అందులో ఊళ్ళు తగలబెట్టే ఒక దుర్మార్గపు రాజు ఉండేవాడు, గోర్వాక్ అని. మా నోట్లో పడి గోరువంక అయిపోయాడు. మాకు చేపలు పట్టడం నేర్పిన ముసలాయన్ని వాడు చంపేసిన రోజు నేను అన్నం ముట్టలేదు.

"ఈడ్ని మనిద్దరమే సంపాలక్కా" అన్నాను.

"ఇద్దరమే" అంది అక్క.

ఇద్దరికీ కలిపి ఒకే ఐడీ మరి... ఆటలో మా వీరనారి పేరు కూడా ఇద్దరి పేర్లూ అతికించి పెట్టుకున్నదే.

ఆ వేసవిలో కృష్ణదేవిపేటలో మా మేనత్త గృహప్రవేశం వచ్చింది. ట్యూషన్ ఉందని అక్క నాన్నతో ఇంట్లోనే ఉండిపోయింది. అమ్మా నేనూ షేర్ ఆటో ఎక్కి వెళ్ళాం. మర్నాడు సాయంత్రం తిరిగొచ్చి, చెప్పులు విప్పుతుండగానే అక్క ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"గోరువంక సచ్చిపోనాడే!"

"ఎవులు సంపినారు?"

"నేనే... మన ఐడీతోనే. మనతో ఆడే గుంపంతా నిన్ననే కూడింది. మా సెల్లి వచ్చేదాకా ఆగండంటే ఆగుతారేటి?"

నేను ఏడవలేదు. కానీ రెండో చెప్పు గోడకేసి విసిరాను...

మర్నాడు పొద్దున్నే ఆట తెరిచాను. "బయటికి పోకు, గోర్వాక్ తిరుగుతున్నాడు" అని రోజూ భయపెట్టే కోటగుమ్మం భటుడు ఆవేళ మోకాలి మీద వంగి దండం పెట్టాడు. వీధుల నిండా జెండాలు. కూరగాయలమ్మే ఆవిడ కూడా "మమ్మల్ని కాపాడింది నువ్వే తల్లీ" అన్న అర్థం వచ్చేలా ఏదో అంది. నేను చెయ్యని పనికి ఊరంతా నాకే దండాలు పెడుతోంది!

పరిగెత్తుకుంటూ గోరువంక కోటకి వెళ్ళాను. సింహాసనం ఖాళీ... నా పక్కనే ఎవరో కొత్త ఆటగాళ్ళు గాలిలోకి కత్తులు తిప్పుతున్నారు. వాళ్ళకి వాడు కనిపిస్తున్నాడు. నాకు కనిపించట్లేదు. ఆ ఆటలో కథ ఎవరిది వాళ్ళకే నడిచేది. వాళ్ళ కథలో వాడింకా బతికే ఉన్నాడు, మా ఇంట్లో మాత్రం చచ్చిపోయాడు.

అమ్మకి చెప్పుకున్నాను. "సచ్చినోడు ఎలాగూ సచ్చినాడు, నీకేటే బాధ? బేగి వచ్చి టిఫిన్ తిను" అంది.

బడులు తెరిచాక ఇంకా నరకం. అక్క తన స్నేహితురాళ్ళని చుట్టూ కూర్చోబెట్టుకుని చెప్పేది... కిరీటం ఎలా దొర్లిందో, వాడు ఎలా మోకాళ్ళ మీద కూలాడో. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, "ఆఖర్న ఏటన్నాడక్కా?" అని.

"నువ్వు సూడలేదు కదే... సెప్పినా నీకు తెలీదు" అంది.

ఆ మాట ఎంత మండిందంటే, చాలా రోజులు అక్కతో ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు.

తర్వాత చలికాలంలో ఆటకి కొత్త భాగం వచ్చింది. మొదటి దృశ్యంలోనే... గోరువంక! చచ్చింది వాడు కాదట, వాడు మంత్రంతో చేసి నిలబెట్టిన నకిలీ అట. అసలువాడు మంచుకొండల వెనక దాక్కున్నాడట. జెండాలు పోయాయి. భటుడు మళ్ళీ "బయటికి పోకు" అనడం మొదలుపెట్టాడు.

అక్క మొహం చూడాలి... "అంత కష్టపడి సంపితే నకిలీవోడా? మరి ఆ దండాలు, ఆ జెండాలు, అన్నీ అబద్ధమేటి?" అంటూ మౌసు వదిలేసి లేచిపోయింది. నాకైతే లోపల పండగే! కుర్చీ మొత్తం నాదయింది, గోరువంక కూడా నావాడయ్యాడు.

అక్క మళ్ళీ ఆ ఆట ముట్టుకోలేదు. పరీక్షలయ్యాక, గుంపుని నేనే కూడగట్టి, మంచుకొండలెక్కి, వాడిని చంపాను. కిరీటం దొర్లింది. మోకాళ్ళ మీద కూలాడు. అక్క చెప్పినట్టే... వెనక్కి తిరిగాను. అక్క మంచం మీద పడుకుని ఏదో చదువుకుంటోంది.

"అక్కా! గోరువంకని సంపీసాను! బేగి రా!"

పుస్తకంలోంచి తల ఎత్తలేదు. "మళ్ళీ లేస్తాడులే" అంది.

నిజమే... నాకూ తెలుసు. జెండాలు ఎగిరాయి, భటుడు వంగాడు, నాకు మాత్రం ఏమీ అనిపించలేదు. అప్పుడు తెలిసింది నా కుళ్ళు దేని మీదో. అక్క చంపింది నకిలీవాడినే కావచ్చు... కానీ వాడు నిజంగా చచ్చిపోయాడని నమ్మింది. ఊరికి పీడ వదిలిందని సంతోషంగా నిద్రపోయింది. ఆ నమ్మకం నాకు ఒక్క పూట కూడా దొరకలేదు.

ఇప్పుడు అక్క పిల్లలు ఇలాంటి ఆటలే ఆడుతున్నారు. ఎవరి ఫోన్ వాళ్ళది, ఎవరి ఐడీ వాళ్ళది, ఎవరి విలన్ వాళ్ళకే. మొన్న పెద్దాడు ఒక భూతాన్ని కూల్చి, కనీసం కేక కూడా వెయ్యకుండా పక్క ఆటలోకి వెళ్ళిపోయాడు. "అదేటిరా, సచ్చిపోనాడు కదా!" అంటే, "వచ్చే సీజన్లో వత్తాడు పిన్నీ" అన్నాడు. పక్కనే ఉన్న వాడి తమ్ముడు తలెత్తి చూడనైనా లేదు. వాళ్ళలో ఒకరి మీద ఒకరికి కుళ్ళు లేదు... కుళ్ళుకునేంత ఏముంది అందులో?

అక్కంటే నాకు ఇప్పటికీ కుళ్ళేనండీ, ఆ ఒక్క విషయంలో... మీ ఇంట్లో కూడా ఒకే ఐడీతో ఇద్దరు ముగ్గురు ఆడుకున్నారా? మీరు లేనప్పుడు మీ విలన్‌ని ఎవరు చంపేశారు?