బానెట్ మీద మూడు మచ్చలు

ముందు పోయినవి చెబుతాను. వాటర్ పేపర్లకు తొంభై రూపాయలు, లప్పానికి నూట నలభై, ప్రైమర్‌కు రెండు వందల ఇరవై, తెల్ల రంగు స్ప్రే డబ్బాలు రెండింటికి ఏడు వందల ఎనభై, టేపుకు నలభై. వెరసి పన్నెండు వందల డెబ్బై. మామిడికాయల సీజన్లో పెట్టిన రెండు రోజుల సెలవు. మా ఆవిడ పాత వాయిల్ చీర ఒకటి. కుడి చేతి చూపుడు వేలి గోరు సగం. లక్షా నలభై వేల బేరం. వీటన్నిటికీ కారణమైన తుప్పు మచ్చలు మూడే. పెద్దది రూపాయి బిళ్లంత, మిగతా రెండూ కందిగింజలంత.

నేను పెద్దగా చదువుకోలేదు. తిరువూరులో మామిడికాయల కమీషన్ కొట్లో కాటా దగ్గర నిలబడి, చూసి చూసి లెక్కలు నేర్చుకున్నాను. ఇంకొకరి లెక్కలో తప్పుంటే చూడగానే తెలుస్తుంది. నా లెక్కలోంచి మాత్రం బయటికి రాలేకపోయాను. గంపలగూడెంలో ఉండే మా బావగారు, అంటే మా అక్క భర్త, కొత్త కారు కొనుక్కుంటూ పాత తెల్ల కారు నాకు రెండు లక్షల నలభై వేలకు ఇచ్చారు. కాగితం లేదు, వాయిదా లేదు.

“మన మధ్య వడ్డీ ఏంటయ్యా, వీలైనప్పుడే ఇవ్వు,” అన్నారు.

లక్షా అయిదు వేలు ఇచ్చేశాను. లక్షా ముప్పై అయిదు వేలు మిగిలింది. నూటికి రూపాయిన్నర వడ్డీ వేసుకున్నా నెలకు రెండు వేల పాతిక అయ్యేది. వడ్డీ లేదు కాబట్టి బావగారి కొత్త కారు కవరు కింద ఉండేది, ఆయన ఇంట్లో ఎవరు ఎక్కడికి వెళ్లాలన్నా ఫోను నాకు వచ్చేది. పత్తి డబ్బులకు, పెళ్లిళ్లకు, విజయవాడ ఆసుపత్రికి. పెట్రోలు నాది, డ్రైవరూ నేనే. ఆ ఖర్చు ఏ నెలా రెండు వేల పాతిక కన్నా తక్కువ కాలేదు. బాకీ ఉన్నవాడు కుదరదని ఎలా అంటాడు?

ఆ సమయంలో ఎ.కొండూరు నుంచి ఒక మాస్టారు కారు కావాలని బావగారిని అడిగారట. బండి శుభ్రంగా ఉంటే లక్షా నలభై ఇస్తానన్నారు. బావగారి బాకీ తీరిపోగా నాకు అయిదు వేలు మిగులుతాయి. ఫోను మోగితే ఉలిక్కిపడకుండా అన్నం తినొచ్చు. ఆ అయిదు వేల కన్నా నాకు అదే ఎక్కువ.

అడ్డం వచ్చినవి ఆ మూడు మచ్చలే. బానెట్ ముందు అంచున, సరిగ్గా దిష్టికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టే చోట ఉన్నాయి. మా ఆవిడ ప్రతి శనివారం కొత్తవి కడుతుంది. కట్టిన ఇనప తీగ రాసుకుని రంగు లేచింది, లేచిన చోట నిమ్మరసం కారింది. సంగతి నాకు తెలుసు. దిష్టి తీగ తీసెయ్యమని చెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

కార్ల షెడ్డులో అడిగితే బానెట్ మొత్తానికి రంగు వెయ్యాలి, ఆరు వేల అయిదు వందలవుతుందన్నారు. నాకు మిగిలేది అయిదు వేలు. అందుకని నేనే మొదలుపెట్టాను.

కారు ఉండేది మా ఇంటి పక్క సందులో, ప్రహరీకీ మేడమెట్లకూ మధ్య. రోడ్డు మీద పెడదామంటే లారీల దుమ్ము. ముందు బంపరుకూ గోడకూ మధ్య ఒక మనిషి గొంతుకు కూర్చునే జాగా ఉంది. పక్కకు తిరిగి దూరి, వీపు గోడకు ఆనించి, నీళ్లు చల్లుతూ వాటర్ పేపరుతో రుద్దాను. తుప్పు పైకి కనిపించేంత ఉండదని అప్పుడు తెలిసింది. రుద్దేకొద్దీ చుట్టూ ఉన్న రంగు పొక్కుల్లా లేచింది. రూపాయి బిళ్ల అరచెయ్యంత అయింది, కందిగింజలు నిమ్మకాయలంత అయ్యాయి. ఆపితే ఇనుము కనబడుతుంది, ఆపకపోతే ఇంకా పెరుగుతుంది. చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకుందామంటే మోచెయ్యి లేవదు. అట్లాగే పొద్దు వాలేదాకా కూర్చున్నాను.

“మీరు బయటికొస్తారా, అన్నం అక్కడికే తెమ్మంటారా?” అని మా ఆవిడ మెట్ల మీదినుంచి అడిగింది.

మర్నాడు, గురువారం, లప్పం పెట్టి, అది ఆరాక మళ్లీ రుద్ది, ప్రైమర్ కొట్టి, సాయంత్రం రంగు కొట్టాను. పాత చీర పైన పందిరిలా కట్టాను. చూస్తే అచ్చం కంపెనీ రంగులాగే మెరిసింది. పూర్తిగా గట్టిపడటానికి మూడు రోజులు ఆగాలని డబ్బా మీద రాసి ఉంది. మాస్టారు వచ్చేది ఆదివారం. లెక్క సరిపోయింది.

చేతులు కడుక్కుంటుండగా బావగారి ఫోను.

“ఏం బావమరిదీ, మాస్టారు రేపు పొద్దున్నే వస్తానంటున్నారు. అడ్వాన్సు కూడా తెస్తున్నారు.”

“ఆదివారం అన్నారు కదండీ బావగారూ.”

“ఇంటికొచ్చే లక్ష్మిని ఆదివారం రమ్మంటావా? బండి కడిగి ఉంచు.”

రంగు తడిగా ఉందని చెప్పొచ్చు. అప్పుడు బండికి తుప్పుందని చెప్పినట్టవుతుంది. సరేనండీ అన్నాను.

శుక్రవారం పొద్దున రంగు మీద వేలు ఆనించి చూశాను. అంటుకోలేదు. చెయ్యి పెట్టనివ్వకుండా మాటల్లో పెడితే చాలనుకుని స్నానానికి వెళ్లాను. వచ్చేసరికి బానెట్ మీద మూడు చోట్ల పసుపు ముద్ద, దాని మధ్య కుంకుమ బొట్టు.

“ఇదేంటి?” అన్నాను.

“ఇంట్లోంచి వెళ్లే బండి బోసిమొహంతో వెళ్తుందా? అడ్వాన్సు వచ్చే వేళ కూడాను.”

“సరిగ్గా ఆ మూడు చోట్లే దొరికాయా?”

“అక్కడే కదా అద్దంలాగా ఉంది. మిగతాదంతా దుమ్మేగా.”

తుడవబోతుంటే వీధిలో బావగారి హారన్ వినిపించింది.

మాస్టారు నెమ్మదస్తుడు. టైర్లు చూశారు, ఇంజను శబ్దం విన్నారు, సీట్లు నొక్కారు. బొట్లు చూసి, “మంచి పద్ధతండీ,” అన్నారు. ఎండెక్కి పసుపు బీటలు తీసింది. “ఒకసారి అది తుడుస్తారా?” అన్నారు.

తడిబట్టతో తుడిచాను. కుంకుమ పోయింది, పసుపు పోలేదు. తెల్ల రంగులోకి ఇంకి కోడిగుడ్డు సొనలా నిలిచింది. ఇంకొంచెం ఒత్తితే రంగు ముడతపడి బట్టతోపాటే వచ్చింది. కింద బూడిదరంగు ప్రైమర్ కనిపించింది.

“ఎక్కడైనా గుద్దిందాండీ?” అని మాస్టారు అడిగారు.

“లేదండి. చిన్న తుప్పు, నేనే బాగుచేశాను.”

“తుప్పని ముందే అంటే తీసుకునేవాణ్ణేమో. ఇప్పుడు కింద ఏముందో నాకేం తెలుస్తుంది?”

“మా బావమరిది లెక్కల్లో దిట్ట మాస్టారూ, రంగుల్లో కాదు,” అని బావగారు నవ్వారు.

మాస్టారు నవ్వలేదు. బండి చుట్టూ ఇంకోసారి తిరిగి, లక్షా పది అయితే ఆలోచిస్తానన్నారు. నా బుర్రలో లెక్క అయిపోయింది. పాతిక వేలు తక్కువ, ఏడాదిలో తీర్చగలను, తీసుకోండి అందామని నోరు తెరిచాను.

“ఆ ధరకి ఇవ్వం మాస్టారూ. పదేళ్లు నేను ఎక్కి తిరిగిన బండి. పరువు సంగతి,” అన్నారు బావగారు.

బండి నాది. మాట ఆయనది. తెరిచిన నోరు మూసుకుని మంచినీళ్లు తెస్తానని లోపలికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి మాస్టారు చెప్పులు వేసుకుంటున్నారు.

“పోన్లేవయ్యా, నీ దగ్గరే ఉండనీ. సోమవారం మీ అక్కని విజయవాడ కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి, గుర్తుందిగా,” అన్నారు బావగారు.

ఆ తర్వాత ఆయనే కారును షెడ్డుకు పంపించి బానెట్ మొత్తం రంగు వేయించారు. నేను అడగలేదు. ఆరు వేల అయిదు వందలూ ఆయనే కట్టి, “మన మధ్య ఏముంది, తర్వాత చూసుకుందాం,” అన్నారు. దాన్ని పాత బాకీలో కలిపితే లక్షా నలభై ఒక్క వేల అయిదు వందలు. విజయవాడ ప్రయాణాలు పోను, పెట్రోలు పోను, అప్పటినుంచి నేను కూడబెట్టి ఇవ్వగలిగింది పన్నెండు వేలు. ఈ రోజుకి మా బావగారికి నేను ఇవ్వాల్సింది లక్షా ఇరవై తొమ్మిది వేల అయిదు వందలు.