వాగు దగ్గర ఎడ్ల మార్పిడి

2004 వేసవి చివర్లో నన్ను భద్రాచలం అడవుల్లో, ఛత్తీస్‌గఢ్ సరిహద్దును ఆనుకున్న ఒక రేంజికి ఆఫీసరుగా వేశారు. రేంజి అంటే కొన్ని సెక్షన్లు, సెక్షను అంటే కొన్ని బీట్లు. అన్నిటికీ జవాబుదారు రేంజి ఆఫీసరు. రెండు రాష్ట్రాలకూ హద్దు ఒక చిన్న వాగు. అవతలి రేంజరుది కూడా నా హోదానే. అసలు చిక్కు అక్కడే ఉందని తర్వాత తెలిసింది.

నేను చేరిన కొత్తలోనే, మా టేకు మొక్కల్లో మేస్తున్న అవతలి ఊరి పశువులను మా బీటువాళ్లు పట్టి బందెలదొడ్డిలో పెట్టారు. మర్నాడే అవతలివాళ్లు మా వైపు నుంచి ఒక ఎడ్ల జతను తోలుకుపోయి వాళ్ల దొడ్డిలో కట్టేశారు. అవి సోయం లచ్చమ్మ ఎడ్లు. ఆమెకున్నది ఆ జతే. మృగశిర కార్తెలో ఊరంతా ఒక్కసారే దున్నుతుంది కనుక ఎడ్లు బదులు దొరకవు.

లచ్చమ్మ నేరుగా ఆఫీసుకే వచ్చింది. “తొలకరి పడ్డది సారూ. గిప్పుడు దున్నకుంటే ఏడాదంతా ఏం తినాలె? మీ పంతాలు మీకు. ఎద్దు పుండు కాకికి ముద్దు, గంతే” అంది. ఆ కాకిని నేనే. మనసు చివుక్కుమంది, కానీ కాదనలేకపోయాను.

పద్ధతి ప్రకారం నేను డివిజనల్ అధికారికి రాయాలి. ఆ దస్త్రం మా రాజధానికెక్కి, వాళ్ల రాజధానికి పోయి, అక్కడినుంచి మెట్టు మెట్టుగా దిగాలి. రాశాను. దాన్ని నమ్ముకోలేక సెక్షను ఆఫీసరు చేత అవతలి రేంజరుకు కబురు కూడా పంపాను: మీరు వదిలితే మేమూ వదులుతాం. ముందు మీరే వదలండి అని జవాబు వచ్చింది. ముందు వదిలినవాడు తప్పు ఒప్పుకున్నట్టే. అందుకు నేనూ సిద్ధంగా లేను.

ఈ చిక్కుకు ఏదైనా దారి దొరుకుతుందేమోనని వాగు దాకా నడిచాను. దొడ్డిలో పెట్టిన పశువుకు మేత, నీళ్లు చూడటం మా విధి. మావాళ్లు పొద్దున వాగుకు తోలేవారు. అవతలి గట్టు మీద కూడా గిట్టల గుర్తులు కనిపించాయి. ఎదురుపడటం ఇష్టంలేక వాళ్లు సాయంత్రం తోలుతున్నారట. ఇద్దరం ఒకే వాగుకు వస్తూ తప్పుకు తిరుగుతున్నామని నాకు భలే ముచ్చటేసింది.

మళ్లీ కబురు పంపాను. ఈసారి ఏమీ అడగలేదు. రేపటి నుంచి మేమూ సాయంత్రమే నీళ్లకు తోలుతాం, అంతే. వాగు అందరిదీ కదా అని ఆయన అన్నాడట.

మర్నాడు సాయంత్రం అటూ ఇటూ పశువులు నీళ్లలోకి దిగాయి. మావాళ్లు అదిలించలేదు, ఆపనూ లేదు. మా దొడ్డిలోని పశువులు తమ ఊరి వాసన పట్టి అవతలి గట్టెక్కేశాయి. లచ్చమ్మ ఇవతలి ఒడ్డున నిలబడి ఎడ్లను పిలిచింది. ఒకటి వచ్చింది. రెండోది నడి వాగులో మొండికేసింది. ఒంటెద్దుతో అరక సాగదు. దిగి తోలుకొద్దామంటే, మా మనిషి అటు అడుగుపెడితే ఎద్దును లాక్కుపోయినట్టవుతుంది. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అప్పుడు అవతలి గట్టు మీద నిలబడి చూస్తున్న ఆ రేంజరు యూనిఫాం ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నీళ్లలోకి దిగాడు. మొహం వేరే దిక్కుకు తిప్పుకుని, ఎద్దు తొడ మీద కర్రతో ఒక్కటి తగిలించాడు.

నీళ్లకు తోలినప్పుడు పశువులు తప్పించుకున్నాయని పైకి రాశాను. ఆయనా అదే రాసి ఉంటాడు. సంప్రదింపులకు అనుమతిస్తూ ఉత్తర్వు వచ్చేసరికి లచ్చమ్మ చేలో జొన్న మోకాలెత్తు లేచింది. ఇద్దరు సమానుల మధ్య ‘ఎవరు ముందు’ అన్న ప్రశ్న తెగదు. అది అడగనక్కర్లేని చోటు వెతకడమే మా పని అని అక్కడ నేర్చుకున్నాను.