ఇప్పనూనె పోసిన కారు

మా ఆయన కొన్న డీజిల్ కారు ఊళ్లోకి రాకముందే దాని చప్పుడు వచ్చేది. పుట్టినప్పుడు అది పెట్రోలు కారే. కొత్తగూడెంలో ఒక కాంట్రాక్టరు దానికి డీజిల్ ఇంజను పెట్టించి, కొన్నాళ్లు తోలి, ఉన్న చెవులు కాపాడుకుందామని మాకు అమ్మేశాడు. జూలూరుపాడులో మాకు ఎరువుల దుకాణం ఉండేది. సరుకు మాట్లాడుకోవడానికి మా ఆయన ఖమ్మం వెళ్లి వస్తుంటే, కారు ఇంకా పొలాల అవతల ఉండగానే మా అత్తగారు "వచ్చిండు" అని చారు పొయ్యి మీదికి ఎక్కించేవారు.

ఆ చప్పుడు అందరికీ నవ్వులాట. నాకు మాత్రం ఏడుపొచ్చేది. ఎందుకో తెలియాలంటే ముందు మా ఇంటి గోడల సంగతి చెప్పాలి.

అది పెంకుటిల్లు. గదులున్నాయి గానీ ఏ గది గోడా కప్పు దాకా పోలేదు, మనిషెత్తు దాటి కాస్త పైకి వెళ్లి ఆగిపోయాయి. ఈ గదిలో గాజులు కదిలితే ఆ గదిలో అత్తగారు దగ్గేవారు. పెళ్లయి ఏడాది దాటినా నేనూ మా ఆయనా ఆ ఇంట్లో మాట్లాడుకున్నది మంచినీళ్లు, అన్నం, దీపం గురించే. మా పుట్టిల్లేమో సత్తుపల్లి దగ్గర, దాని గోడకు ఆనుకొని రైసుమిల్లు. మా ఇంట్లో ఉప్పు అందుకోమనాలన్నా కేకేసే చెప్పాలి. అలాంటిదాన్ని తెచ్చి గుసగుసల ఇంట్లో పడేశారు. నేను గుసగుసలాడబోతే దగ్గు తప్ప మాట వచ్చేది కాదు.

మా ఆయన్ని నేను అడగాల్సింది ఒక్కటే. నన్ను ఇష్టపడి చేసుకున్నారా, వాళ్లమ్మ చేసుకోమంటే చేసుకున్నారా అని. వాళ్లమ్మ మాటకు ఆయన కాదనడం నేనెన్నడూ చూడలేదు. ఆమె చెబితే మబ్బు తునక లేని రోజున కూడా గొడుగు పట్టుకొని దుకాణానికి వెళ్లేవారు. పెళ్లిచూపులకొచ్చినప్పుడు కూడా తల వంచుకొని జంతికలు తిన్నారే గానీ నా మొహం చూసినట్టు లేదు. గొడుగు లాగే నన్నూ పట్టుకొచ్చారేమోనన్న అనుమానం నన్ను కుదురుగా ఉండనిచ్చేది కాదు.

అందుకే కారు కొన్నప్పుడు నా అంత సంతోషపడినవాళ్లు లేరు. గాజులు కొనుక్కోవాలని వంక పెట్టి ఖమ్మం ప్రయాణం కట్టించాను. దారంతా మేమిద్దరమే. తీరా నోరు తెరిస్తే నా మాట నాకే వినపడలేదు. సరే, రైసుమిల్లు గొంతు ఎందుకుంది అనుకొని, ఊపిరంతా కూడగట్టుకొని అరిచాను. సరిగ్గా అప్పుడే ఏన్కూరు దగ్గర గేదెలు అడ్డం రావడం, ఆయన బ్రేకు తొక్కడం, ఇంజను ఆగిపోవడం అన్నీ ఒక్కసారే జరిగాయి. నా కేక మాత్రం ఆగలేదు.

"నేనంటే మీకు ఇష్టమేనా అండీ?"

బస్సు కోసం నిలబడ్డ జనమంతా మావైపు తిరిగారు. చుట్ట కాలుస్తున్న ఒక పెద్దాయన కారు దగ్గరికి వచ్చి, "చెప్పరాదయ్యా, పాపం గంతగనం అడుగుతుంటే" అన్నాడు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. గేదెల్ని కూడా సరిగా దాటనీయకుండా కారు తీసి ఖమ్మం దాకా రోడ్డు వైపే చూస్తూ నడిపారు.

ఆ రోజు నుంచి కారు చప్పుడు తగ్గించాలన్న పట్టుదల ఆయనకు కూడా వచ్చింది. ఖమ్మం మెకానిక్కు, "పాత ఇంజనుల పల్చటి ఆయిల్ నిలవదు సార్. చిక్కటిది పొయ్యాలె. అరిగిన కాడ పట్టుకొని ఇనుముకు ఇనుము తాకనియ్యది" అన్నాడు. నలభై నంబరు పోయమని అతని సలహా. లారీలవాళ్లు యాభై అన్నారు. ట్రాక్టరువాళ్లు గేరు ఆయిల్ కలపమన్నారు. ఆయన సాయంత్రానికో రకం ఆయిల్ తేవడం, నేను దాన్ని రెండు వేళ్ల మధ్య సాగదీసి చూడడం అలవాటైంది. నాకు తెలిసిన చిక్కదనమల్లా పాకానిదే. "ఇంకా తీగ రాలేదండీ" అనేదాన్ని. నలభై నంబరు పోస్తే చప్పుడు కాస్త తగ్గింది. మాటలు వినపడేంత మాత్రం కాదు.

అప్పుడు మా అత్తగారు కల్పించుకున్నారు. సంతకు అడవి పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్ల దగ్గర ఆమె ఏటా ఇప్పనూనె కొని, డబ్బాలో పోసి మంచం కింద పెట్టుకునేవారు. దీపానికి అదే, మోకాళ్లకూ అదే.

"పోయినేడు నా మోకాళ్లు గిట్లనే టకటక అన్నయి గదరా. ఇప్పనూనె రాస్తే బందైనయి. ఇంజనుకు గూడ మోకాళ్ల అసొంటియే ఉంటయి గద. గా నూనెనే పొయ్యరాదు."

నేను మా ఆయన మొహం వంకే చూస్తున్నాను. ఇప్పుడైనా కాదంటారేమోనని.

"అవ్ అమ్మా" అన్నారాయన.

పాత ఆయిల్ సగం దించి, ఆ మేరకు ఇప్పనూనె పోశారు. నాకు ఒళ్లు మండిపోయింది. దానికి తోడు ఆ నూనె పనిచేసి ఇంకా మండించింది. ఆ సాయంత్రం ఆయన అలా రోడ్డెక్కి తిరిగొస్తే కారు గుమ్మంలోకి వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. అత్తగారు చారు కూడా వేడిచేయలేదు. "మరి, ఏమనుకున్నరు?" అన్నట్టు నావైపు చూశారు.

మర్నాడు పొద్దున్నే మేమిద్దరం భద్రాచలం వెళ్లాలి. దారంతా అడవి, కారేమో మెత్తబడింది. ఈసారి తేల్చుకోవాల్సిందే అనుకున్నాను. నలుపు చీర వద్దని అత్తగారంటే మారుమాటాడకుండా పసుపుది కట్టుకున్నాను.

చలికాలం. తెల్లారేసరికి పెంకుల మీద మంచు కారుతోంది. ఆయన తాళం తిప్పితే ఇంజను ఒక మూలుగు మూలిగి ఊరుకుంది. ముందు వైపు హ్యాండిల్ పెట్టి తిప్పబోయారు. హ్యాండిల్ కదల్లేదు, దాన్ని పట్టుకొని ఆయనే అటూ ఇటూ కదిలారు. ఆయిల్ చూసే పుల్ల బయటికి లాగితే నల్లటి ఆయిల్‌లో తెల్లగా నెయ్యిలా పేరుకొని ఉంది. చలికి ఇప్పనూనె గడ్డకడుతుంది. రోజూ పొద్దున అత్తగారు డబ్బాను పొయ్యి పక్కన పెట్టి కరిగించుకోవడం మేం ముగ్గురం చూస్తున్నదే. కారులో పోసేటప్పుడు ఒక్కరికీ గుర్తుకు రాలేదు.

"ఎండ రావాలె" అని ఆయన కారులోకి ఎక్కి కూర్చున్నారు. నేనూ ఎక్కాను. చలిగా ఉందని అద్దాలు పైదాకా ఎక్కించుకున్నాం.

అప్పుడు గమనించాను. అద్దాలు కప్పును తాకాయి. పెళ్లయ్యాక గోడలన్నీ కప్పు దాకా ఉన్న గదిలో మేం కూర్చోవడం అదే మొదలు. ఇన్నాళ్లూ ఈ గది మా వాకిట్లోనే ఉంది. దీన్ని నడపకుండా ఉంటే సరిపోయేది.

"ఏన్కూరు దగ్గర అడిగాను గదండీ" అన్నాను, మామూలు గొంతుతో.

ఆయన చాలాసేపు స్టీరింగు తుడిచారు. "అమ్మ నిన్ను వద్దన్నది" అన్నారు.

నా చెయ్యి తలుపు పిడి మీదికి పోయింది.

"పిల్ల గొంతు పెద్దది, మనింట్ల ఇమడది అన్నది. గా పెళ్లిచూపుల రోజు లోపలి నుంచి ఎవర్నో కేకేసినవ్ గద. నాకేమో గా కేకనే నచ్చింది. చేసుకుంటే గీ పిల్లనే అని పట్టుబట్టిన. పుట్టినకాడికెల్లి మా అమ్మకు కాదన్నది గా ఒక్కసారే."

"మరి ఇప్పనూనె ఎందుకు పోశారు?"

"నీ విషయంల కాదంటిని. ఇగ నూనెకు గూడ కాదంటే ఆమెకేం మిగుల్తది?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఏడాది పైగా దాచుకున్న నవ్వు, రైసుమిల్లు నవ్వు. అద్దాలు అదిరాయి. అది విని అత్తగారు టీ గ్లాసులతో వచ్చి అద్దం మీద కొట్టారు. ఆయన కొంచెం కిందికి దించారు.

"సప్పుడు బందైందారా?"

"బందైందమ్మా. మంచిగ బందైంది."

"మీ నూనె బ్రహ్మాండంగా పనిచేసింది అత్తయ్యా" అన్నాను, దాచుకోకుండా నా గొంతుతోనే.

"జెర మెల్లగ మాట్లాడు, వినొస్తనే ఉంది" అని ఆమె గ్లాసులు లోపలికి అందించి, మోకాళ్లు పట్టుకుంటూ ఇంట్లోకి వెళ్లిపోయారు. మేం మళ్లీ అద్దం పైకెక్కించుకున్నాం.