మా గల్లీ అరవడం నేర్చుకుంది

జనగామలో ఉద్యోగం దొరికినప్పుడు నేను అద్దెకు దిగిన ఇల్లు ఊరి చివర, లింగాల ఘనపూర్ వెళ్లే దారికి దగ్గర్లో ఉండేది. మాది మహబూబాబాద్ దగ్గర తండా. రక్తపరీక్షలు చేసే ఒక చిన్న ల్యాబులో పని. పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నం దాటాక వచ్చేదాన్ని. పైన ఒక గది నాది. కింద ఇంటావిడ ఒక్కతే; భర్త పనికని బొంబాయిలో ఉండేవాడు. ఆమెను పెద్దమ్మా అని పిలిచేదాన్ని.

పెద్దమ్మకు టీవీలో నేరాల వార్తలు చూడటం అలవాటు. ఎక్కడో ఏ ఊళ్లోనో ఒంటరి ముసలామెను గొంతు నులిమారని చెబితే, ఇక్కడ పెద్దమ్మ కిటికీలు మూసేసేది. ల్యాబు నుంచి వచ్చి గేటు ముందు నిలబడితే, "ఎవలు?" అని అడిగేది. "నేనే పెద్దమ్మా." "నేనంటె ఎవలు?" గొంతు గుర్తుపట్టినా, పేరు చెప్పేదాకా గొళ్లెం తీసేది కాదు.

నాకు నవ్వొచ్చేది కానీ, పూర్తిగా నవ్వలేకపోయేదాన్ని. పక్క గల్లీలో ఒకామె మెడలోంచి గొలుసు లాక్కుపోయిన మాట నిజం. నేను కూడా ల్యాబు నుంచి వస్తూ వెనక బండి చప్పుడు వినిపిస్తే చున్నీ మెడకు చుట్టుకునేదాన్ని.

ఆ ఎండాకాలం పోలీస్ స్టేషన్ నుంచి ఒక మహిళా కానిస్టేబుల్ మా గల్లీకి వచ్చింది. వేపచెట్టు కింద కుర్చీలు వేయించి ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టింది. మనిషి సన్నగా ఉంటుంది, గొంతు మాత్రం గంటలా ఉంటుంది. బండి మీద వచ్చి అడ్రసు అడిగేవాళ్లకు గేటు లోపలి నుంచే జవాబు చెప్పమంది. బండి నంబరు చూసుకోమంది. ఫోన్లలో తిరిగే పిల్లల దొంగల పుకార్లు నమ్మి దారిన పోయేవాళ్ల మీద పడొద్దని గట్టిగా చెప్పింది. ఆఖరికి లేచి నిలబడి అడిగింది.

"ఇప్పుడు మీ మెడల గొలుసు ఎవడో గుంజిండు అనుకోండి. ఏం జేస్తరు?"

"ఒర్రుతం," అంది ముందు వరసలో ఒకామె.

"ఏదీ, ఒర్రుండి జర."

ఎవరూ అరవలేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. మొగవాళ్లు వింటారని ఒకరు, అత్త ఇంట్లో ఉందని ఒకరు. కానిస్టేబుల్ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"చూసిన్రా? చిన్నప్పటి సంది ఆడపిల్ల మెల్లగ మాట్లాడాలె అని మనకు నేర్పిన్రు. దొంగకు గదే కావాలె. అక్కా, అరిస్తె ఇజ్జత్ పోదు. అరవకుంటె గొలుసు పోతది."

తర్వాత ఒక్కొక్కరినీ లేపి అరిపించింది. ఒకామె 'దొంగ' అనబోయి దగ్గింది. ఇంకొకామె పెళ్లిలో పేరంటాళ్లను పిలిచినట్టు మర్యాదగా పిలిచింది. నా వంతు వచ్చింది. కళ్లు మూసుకుని అరిచాను. దొంగ అనలేదు. నా నోట్లోంచి "యాడీ!" అని వచ్చింది.

అందరూ ఆగిపోయారు. "గదేంది?" అంది పెద్దమ్మ.

"మా భాషలో అమ్మా అని," అన్నాను. ముఖం వేడెక్కిపోయింది. ఆ ఊళ్లో నేను ఇంటి భాష పైకి మాట్లాడింది అదే మొదటిసారి.

"మంచిగుంది," అంది కానిస్టేబుల్. "భయమైనప్పుడు ఏది వస్తె గదే ఒర్రుండి. మాట కాదు, చప్పుడు కావాలె. చప్పుడు విన్నోళ్లు తలుపు తీసి బయటికి రావాలె. గది ముఖ్యం."

ఆ రోజు నుంచి మా గల్లీకి ఒక ఆట దొరికింది. సాయంత్రం డాబాల మీద బట్టలు తీసేటప్పుడు ఎవరో ఒకరు "యాడీ!" అనేవారు. ఎదురు డాబా నుంచి ఇంకొకరు అందుకునేవారు. మొగవాళ్లు తలలు పట్టుకున్నారు. పెద్దమ్మ మాత్రం ఎంత బతిమాలినా అరవలేదు. "నాకు రాదు బిడ్డా, గొంతు లేస్తలేదు," అనేది.

యాసంగి కోతలు అయ్యాక రైతులు మా గల్లీ చివర తారురోడ్డు మీద వడ్లు ఆరబోసేవారు. రోడ్డు సగం పసుపుపచ్చగా మెరిసేది. అలాంటి ఒక సాయంత్రం నేను పైన అన్నం వండుకుంటున్నాను. కింద నుంచి అరుపు వినిపించింది.

"యాడీ! ఓ యాడీ!"

గొంతు ఎవరిదో తెలియలేదు. అంత పెద్ద గొంతు ఆ గల్లీలో నేనెప్పుడూ వినలేదు. స్టవ్ ఆపి మెట్లు దిగి పరిగెత్తాను. గేటు బయట పెద్దమ్మ మెడ పట్టుకుని నిలబడి ఉంది. ఒక బండి ఇద్దరు మనుషులతో గల్లీ చివరికి దూసుకుపోతోంది.

అప్పటికే ప్రతి తలుపూ తెరుచుకుంది. చేతిలో గరిటెతో ఒకరు, తడిజుట్టుతో ఒకరు, అందరూ అరుస్తూ రోడ్డు మీదికి వచ్చారు. ఎదురుగా అంతమందిని చూసి బండివాడు పక్కకు తిప్పాడు. పక్కన ఉన్నది వడ్లు. చక్రం జారింది. బండి ఒక చుట్టు తిరిగి పడింది. ఒకడు లేచి పొలాల్లోకి పరిగెత్తాడు. ఇంకొకడి కాలు బండి కింద ఇరుక్కుంది.

మా పక్కింటామె పోలీసులకు ఫోన్ చేసింది. ఈలోగా మొగవాళ్లు కర్రలతో వచ్చారు. పడ్డవాడు రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్లు దాటాయో లేదో. అప్పుడు పెద్దమ్మ వచ్చి వాడి ముందు నిలబడింది. మెడ మీద ఎర్రటి గీత పడి ఉంది.

"కొట్టకుండ్రి!"

"నీ పుస్తెలు తెంపినోడు అక్కా వాడు!" అన్నాడు ఒకాయన.

"తెంపింది నాయి. కోపం నాకుండాలె. పోలీసోళ్లు వచ్చేదాక ఎవ్వలు చెయ్యెత్తద్దు. వాడు సస్తె మీ పిల్లలు జైలు సుట్టు తిరగాలె."

కర్రలు కిందికి దిగాయి. ఎవరో బండి పైకి లేపి వాడి కాలు బయటికి తీశారు. వాడు నీళ్లు అడిగితే గరిటె పట్టుకున్నామె చెంబుతో తెచ్చి ఇచ్చింది. ఇచ్చి, తిట్టింది కూడా.

పెద్దమ్మ పిడికిలి విప్పి చూస్తే పుస్తెలు రెండూ ఉన్నాయి. గొలుసు ముక్క వాడి జేబులో దొరికింది. గుండ్లూ నల్లపూసలూ మాత్రం బండి పడ్డప్పుడు వడ్లలో కలిసిపోయాయి.

వడ్ల యజమాని ఒక పెద్దాయన. తన కుప్ప వైపు చూసి నెత్తి గోక్కున్నాడు. "ఇన్నేండ్ల సంది ఎవుసం జేస్తున్న. నా వడ్లల్ల బంగారం పండుడు గిదే మొదలు."

ముందు పెద్దమ్మే నవ్వింది. ఆ తర్వాత గల్లీ అంతా నవ్వింది. ఇళ్లలోంచి చాటలు వచ్చాయి, జల్లెడలు వచ్చాయి. ఆడవాళ్లందరం రోడ్డు మీద బారుగా కూర్చుని వడ్లు చెరగడం మొదలుపెట్టాం. కానిస్టేబుల్ జీపు దిగి వచ్చేసరికి మేము కనిపించింది అలాగే.

"దొంగను పట్టుకున్నరని వస్తే, వడ్లు చెరుగుతున్నరేందే?" అంది. సంగతి విని, దొరికినవన్నీ కేసులోకి వస్తాయని, ఒక స్టీలు గిన్నెలో వేయమని చెప్పింది. దొంగను జీపు ఎక్కించాక తనూ ఒక చాట అందుకుంది. ఒక్కో గుండు దొరికినప్పుడల్లా ఈలలు. ఆఖరికి ఒకటి మాత్రం దొరకలేదు. "అన్నంల దొరికితె తెచ్చిస్త అక్కా," అని పెద్దాయన మాటిచ్చాడు.

మర్నాడు పెద్దమ్మ మంచం దిగలేదు. నేను టీ తీసుకెళ్తే గోడ వైపు తిరిగి ఏడుస్తోంది. "వాడు అమ్మకు బాగలేదు, దవాఖాన ఎటు అన్నడు బిడ్డా. పాపం అనిపిచ్చింది. అన్ని ఎరికైనదాన్ని, నేనే గేటు తీసి బయటికి పోయిన. నాదే తప్పు."

స్టేట్‌మెంట్ కోసం వచ్చిన కానిస్టేబుల్ ఆ మాట విని మంచం అంచున కూర్చుంది. "పెద్దమ్మా, పాపమనుకునుడు తప్పు కాదు. తప్పు గొలుసు తెంపినోనిది. మళ్ల గా మాట అనకు."

పారిపోయినవాడు కూడా కొన్నాళ్లకు దొరికాడు. కోర్టు నుంచి గొలుసూ గుండ్లూ తిరిగి వచ్చేదాకా పెద్దమ్మ పసుపుతాడుకు పుస్తెలు కట్టుకుంది. భయం ఒక్కసారిగా పోలేదు. గొళ్లెం రెండుసార్లు చూసుకోవడం మానలేదు. కానీ పగలు కిటికీలు తెరిచి ఉండేవి. సాయంత్రాలు గడప మీద కూర్చుని దారిన పోయేవాళ్లను పలకరించేది.

శ్రావణంలో మా తండాలో తీజ్ పండగ వస్తే, "నన్ను గూడ తోలుకపో," అంది. నేను నమ్మలేకపోయాను. జనగామలో రైలెక్కి మహబూబాబాద్‌లో దిగి, ఆటోలో తండాకు చేరాం. దారంతా కొత్తపెళ్లికూతురిలా బయటికి చూస్తూనే ఉంది. మా యాడి ఎదురొచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. పెళ్లికాని పిల్లలు గోధుమ మొలకల బుట్టల చుట్టూ పాడుతూ తిరుగుతున్నారు. కాసేపు చూసి పెద్దమ్మ కొంగు బొడ్లో దోపుకుంది.

"నాకు పాట రాదు గద," అని మా యాడితో అంది.

"రాకుంటె ఏమాయె, అడుగెయ్యి," అంది మా యాడి.

ఇద్దరూ చేతులు పట్టుకుని పిల్లల వెనకాల తిరగడం మొదలుపెట్టారు. పెద్దమ్మ అడుగు ఒక్కసారి కూడా తాళానికి పడలేదు. చీకటి పడుతోందని నేను పిలిస్తే, చెయ్యి ఊపి, ఇంకో చుట్టు తిరిగింది.