రోము రథానికి కట్టిన మోకులు

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవి. తెనాలిలో నాటకాల తెరల మీద బొమ్మలు వేసుకుని బతికే నాకు ఫ్లెక్సీలు వచ్చాక పని బాగా తగ్గిపోయింది. అప్పుడు రేపల్లె నుంచి ఒక రైస్ మిల్లు యజమాని కబురు పెట్టారు. కొత్తింటి హాల్లో పద్నాలుగు అడుగుల గోడ చూపించి, ఇటలీ టూరులో కొన్న పోస్టుకార్డు నా చేతిలో పెట్టారు.

"ఇది ఇలాగే దించాలండి. పన్నెండు రోజుల్లో గృహప్రవేశం. బాగా కుదిరితే మా మిల్లర్లందరికీ నేనే చెబుతాను."

యుద్ధం గెలిచిన రోమన్ సేనాపతి నాలుగు గుర్రాల రథమెక్కి నగరంలోకి ఊరేగి వస్తున్న పాతకాలపు చిత్రమది. మా పనిలో గ్రిడ్ అంటాం, చిన్న బొమ్మ మీద గళ్ళు గీసి ఒక్కో గడినీ గోడ మీద పెద్దది చేయడం. గుర్రాలు, సేనాపతి తల మీద ఆకుల కిరీటం దివ్యంగా కుదిరాయి. రథం ముందు తల వంచుకుని నడిచే గుంపు మాత్రం కార్డులో చీమలంత ఉంది. వాళ్ళ చేతుల మధ్య ఏవో గీతలు. ఏటా రథోత్సవాలు చూసేవాణ్ణి, ఇంకేమనుకుంటాను? రథం లాగే భక్తులనుకుని చేతికి మోకులిచ్చాను, ముఖాల నిండా నవ్వులు పెట్టాను. గుర్రాలుండగా మనుషులెందుకు లాగుతారన్న ఆలోచన ఒక్కసారీ రాలేదు చూడండి.

గృహప్రవేశం ముందురోజు పొద్దున బాపట్ల నుంచి యజమాని బావమరిది వచ్చారు. కాలేజీలో చరిత్ర చెబుతారాయన. గోడ చూసి పొట్ట పట్టుకుని నవ్వారు.

"ఇవి మోకులు కాదండి, గొలుసులు. వీళ్ళు ఓడిపోయిన రాజు, ఆయన పెళ్ళాం పిల్లలు. ఖైదీలు."

ఉన్న కాస్త పేరూ పోయిందనుకున్నాను. అంత దుఃఖంలో ఉన్నవాళ్ళకి నవ్వులు అద్దానే అని సిగ్గు కూడా వేసింది. "సాయంత్రానికల్లా గొలుసులు వేసేస్తానండి" అన్నాను.

"ఇంట్లో అడుగుపెడుతూ గొలుసులేంటండి" అని యజమాని నసిగారు.

"మరి తప్పు బొమ్మ పెట్టుకుంటావా బావా?" అన్నారు లెక్చరరు.

అప్పటిదాకా కుర్చీలో కూర్చుని వింటున్న యజమాని తల్లి లేచి వచ్చారు.

"బండిని గుర్రాలు లాగుతున్నాయిగా నాయనా?"

"లాగుతున్నాయండి."

"మరింకేం. ఓడిపోయినోళ్ళని మనింటికి కూడా కట్టేసే తీసుకురావాలా? ఆ తాళ్ళు తీసెయ్యి. వాళ్ళే నడిచొస్తారు."

సాయంత్రానికి మోకులన్నీ రాతిబాట రంగులో కలిపేశాను. నవ్వులు అలాగే ఉంచాను. మర్నాడు భోజనాల దగ్గర లెక్చరరు గారే వచ్చినవాళ్ళకి గోడ చూపిస్తూ, "అసలు చిత్రంలో వీళ్ళు ఖైదీలండి. మా అత్తయ్య విడిపించింది" అని చెప్పుకోవడం విన్నాను. నాకు చెప్పలేనంత సంతోషమేసింది.

ఆ గోడ నాకు ఇంకో నాలుగు గోడలు తెచ్చిపెట్టింది. ఇప్పుడు ఎవరే బొమ్మ తెచ్చినా, గళ్ళు గీసే ముందే అందులో ఎవరు ఎందుకు నడుస్తున్నారో అడుగుతాను. తెలియనప్పుడు మాత్రం ఎవరి చేతికీ తాడివ్వను.