జేబులో పెట్టిన పట్టీ

మా ఆయనకు పార్కిన్సన్స్. నిరుడు అబిడ్స్‌లో మా చర్చిలో ప్రభు భోజనం తీసుకునేటప్పుడు చెయ్యి వణికి, ద్రాక్షరసం బల్ల మీది తెల్లగుడ్డ మీద ఒలికింది. ఆ సిగ్గుతో మళ్లీ ముందుకు పోలేదు. ఈమధ్య డాక్టరు మణికట్టుకు కట్టుకోమని బరువైన తోలు పట్టీ ఇచ్చారు. అది కట్టుకుంటే వణుకు కాస్త తగ్గి, ఇంట్లో చాయ్ ఒలకకుండా తాగుతున్నారు. మొన్న ఆదివారం ధైర్యం చేశారు.

చెప్పులు విడిచి ఇద్దరం మోకరించాం. పాస్టరు అయ్యగారు ద్రాక్షరసం పోసిన చిన్న గాజు గ్లాసుల పళ్లెంతో ఎదురుగా వచ్చాక చూద్దును కదా, ఆయన చేతికి పట్టీ లేదు!

"పట్టీ ఏదండీ?" అన్నాను గుసగుసగా.

"జేబుల పెట్టిన. చెప్పులు ఇడిసి, గీ తోలుది కట్టుకొని దేవుని ముందట ఎట్ల మోకరిస్త?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ చెయ్యి తగిలితే పళ్లెం మొత్తం కిందే. ఇక కట్టే వ్యవధి లేదు. ఆయన మణికట్టును రెండు చేతులా గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఆయన తాగేశారు. చుక్క ఒలకలేదు.

బయటికొచ్చాక జేబులోంచి పట్టీ తీసి నా చేతికి కట్టారు. "నాకన్న నీ చెయ్యే ఎక్కువ వణికింది. జర కట్టుకో."

చూసుకున్నాను. ఇంకా వణుకుతూనే ఉంది.